నూనె తేలిందా, విరిగిందా? చెరువు రొయ్యకి పరాయి పులుసులు

జూన్ 8, 2025, ఆదివారం

తెల్లవారుజామున మూడున్నరకి రెండో చెరువు పట్టుబడి. గట్టు మీద లైట్లు, ఐసు దిమ్మలు, వల లాగేవాళ్ళ కేకలు, కాటా దగ్గర మా మరిది లెక్కలు. 50 కౌంట్ తగిలింది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఇంటికని మూడు కిలోలు పక్కన పెట్టి మిగతాదంతా లారీ ఎక్కించేశారు.

మా ఊరు ఉండికీ ఆకివీడుకీ మధ్యన. ఒకప్పుడు వరి చేలున్న చోట ఇప్పుడు ఎటు చూసినా చెరువులు, రాత్రంతా ఏరేటర్ల చప్పుడు. పెంచేది వనామి రకం రొయ్య. దీని సాగుకి మన దేశంలో 2009లో అనుమతి ఇచ్చారు, అంతకుముందు అందరిదీ టైగర్ రొయ్యే. పండిన సరుకులో ఎక్కువ భాగం బయటి దేశాలకి పోతుంది, అందులోనూ పెద్ద వాటా అమెరికాదే.

లారీ కదిలాక మా అమ్మాయి అడిగింది: "అమ్మా, వాళ్ళు దీన్ని దేంట్లో వండుకుంటారు?"

"ఏదో సాసులో" అన్నాను.

"ఏ సాసు?"

నోరు మెదపలేకపోయాను. పదేళ్ళుగా మేత రేటు తెలుసు, కరెంటు బిల్లు తెలుసు, ఏ చెరువులో వైట్ గట్ జబ్బు (రొయ్య పేగు తెల్లబడేది) వచ్చిందో తెలుసు. మన రొయ్య చివరికి ఎవరి కంచంలో ఏ పులుసులో తేలుతుందో మాత్రం తెలీదు. బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది, దానికీ పని కావాలి. అలా మొదలైంది ఈ ప్రాజెక్టు.

షరతులు మేమిద్దరం కూర్చుని రాసుకున్నాం. ప్రతిసారీ అదే 50 కౌంట్ రొయ్య, ఒలిచాక అరకిలో. దినుసులు భీమవరంలో దొరికినవే. దొరక్కపోతే బదులు ఏం వేశానో రాయాలి. చివరి పరీక్ష వేడన్నంలో, పరీక్ష పెట్టేది మా అత్తయ్యగారు. ఈ చివరి షరతు అన్యాయం అని తెలుసు. బ్రెడ్డుకోసం పుట్టిన సాసుని అన్నంలో కలిపి మార్కులెయ్యడం ఏమిటి? కానీ ఇల్లు ఆవిడది.

ముందు కొలబద్ద కావాలి కదా. ఇవాళ అత్తయ్యగారి చేత ఇగురు పెట్టించి పక్కన గడియారం పెట్టుకుని చూశాను. రొయ్యల్లో ఉప్పు, పసుపు వేసి మూకుట్లో పెడితే ఒక చుక్క నీళ్ళు పొయ్యకుండానే ముప్పావు గ్లాసు నీరు దిగింది. ఆ నీరు ఇగిరిపోయేదాకా ఉంచి దించేశారు. వేరే మూకుట్లో సన్నగా తరిగిన నాలుగు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి. ఉల్లిపాయ కరిగి ముద్దయ్యేసరికి ఇరవై రెండు నిమిషాలు. రొయ్యలు కలిపి, సన్నసెగ మీద, అంచుల వెంబడి నూనె తేలేదాకా. "నూనె తేలితే కూర అయినట్టు" అన్నారు ఆవిడ. ఈ మాట పుట్టినప్పటినుంచీ వింటున్నాను, ఇవాళే రాసుకున్నాను. తర్వాత రెండు నెలలూ ఈ మాట చుట్టూనే తిరుగుతానని అప్పటికి తెలీదు.

పిండి లేదు, వెన్న లేదు, నీళ్ళు కూడా లేవు. ఉన్న నీటిని పోగొట్టడమే మన పద్ధతి. పేరే ఇగురు.

జూన్ 15, ఆదివారం

మొదటిది బిస్క్ అనే చిక్కటి ఫ్రెంచి సూపు. దీంతో ఎందుకు మొదలుపెట్టానంటే మనం పారేసేదాంతో చేస్తారు. రొయ్యలు ఒలిస్తే బరువులో మూడో వంతు పైనే తలకాయలు, డిప్పలు. మా పెరట్లో అవి కొబ్బరి మొదళ్ళకి పోతాయి.

ఉదయం తెచ్చిన తాజా తలకాయలే వాడాలి. నిలవుంటే చేదొస్తుంది. వెన్నలో తలకాయలు వేయించడం మొదలుపెట్టిన మూడో నిమిషానికి మూకుడంతా నారింజరంగు. రొయ్య డిప్పలో అస్టాజాంతిన్ అనే రంగు ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు అది ఒక ప్రోటీన్‌కి అతుక్కుని బూడిదరంగులో దాక్కుంటుంది, సెగ తగలగానే ప్రోటీన్ వదిలేస్తే ఎరుపు బయటపడుతుంది. ఆ రంగు నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే ముందు వెన్నలో వేయించి తర్వాత నీళ్ళు పొయ్యాలి. తిరగేసి చేస్తే తెల్లటి కషాయం మిగులుతుంది. నేను సగం తలకాయలతో అలా కూడా చేసి చూశాను, నిజమే.

ఉల్లిపాయ, క్యారెట్, టమాటా, ఓ బిర్యానీ ఆకు, లీటరు నీళ్ళు. ఇందులో బ్రాందీ పడాలి. మావారిని ఓ చిన్న సీసా తెమ్మన్నాను. ఎందుకని అడక్కుండా తెచ్చారు, వంటకని చెప్పాక మొహం చిన్నబోయింది. రెండు చెంచాలు వాడి మిగతాది ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఆయనకి గుర్తున్నట్టుంది.

ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. బిస్క్‌ని చిక్కబరచడానికి పాతకాలం ఫ్రెంచివాళ్ళు వాడింది బియ్యం! పులుసులోనే బియ్యం ఉడికించి, రుబ్బి, వడగట్టేవాళ్ళు. నేను మూడు చెంచాల స్వర్ణ బియ్యం వేశాను. స్వర్ణ మా పక్క మార్టేరులో పుట్టిన వంగడమే. తలకాయలతో సహా మిక్సీ పట్టి, పల్చటి పంచె గుడ్డలో వేసి పిండాను. ఈ పిండడంలో చేతికి రెండు రొయ్య ముళ్ళు దిగాయి. వడగట్టినదాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, పాల మీద మీగడ రెండు గరిటెలు, చివర్లో రొయ్యలు మూడు నిమిషాలు.

రుచి? రొయ్య వాసన పదింతలు చేసి గ్లాసులో పోసినట్టు. మా అమ్మాయి రెండు గ్లాసులు తాగింది. అత్తయ్యగారు గరిటెతో ఎత్తి పోసి చూసి, "తలకాయల గంజి" అన్నారు. అందులో తప్పేమీ లేదు, బియ్యం వేసి కాచిందే కదా. అన్నంలో పరీక్ష: ఫెయిల్. గంజిలో అన్నం ఎవరు కలుపుకుంటారు?

జూన్ 22, ఆదివారం

ఇవాళ ఎటూఫే. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో, మనలాగే నది సముద్రంలో కలిసే చోట వండే కూర. అక్కడ మిసిసిప్పీ, ఇక్కడ గోదావరి. వాళ్ళకీ వరి ఉంది, రొయ్య ఉంది. మాటకి అర్థం ఊపిరాడకుండా మూసెయ్యడం అని. అంటే మూతపెట్టి మగ్గించడం.

దీనికి పునాది ‘రూ’ అనే ముద్ద. వెన్న, మైదా సమానంగా తూచి కలిపి వేయించాలి. ఫ్రెంచివాళ్ళు 19వ శతాబ్దంలో సాసులన్నిటికీ వంశవృక్షం రాసి, కొన్నిటిని తల్లి సాసులు అన్నారు. పాలతో చేసే బెషమెల్, తెల్ల రసంతో వెలూటే, గోధుమరంగు ఎస్పన్యోల్ మూడూ ఈ రూ మీదే నిలబడతాయి. రూ ఎంత ఎర్రగా వేగితే అంత కమ్మదనం, అంత తక్కువ చిక్కదనం. వేగేకొద్దీ పిండిపదార్థం విరిగి నీటిని పట్టుకునే శక్తి పోతుంది. అందుకే నల్లటి రూ కావాలంటే పిండి ఎక్కువ వెయ్యాలి.

మొదటి రూ మాడింది. తప్పు నాదే. ఫోన్ మోగింది, మేత కొట్టు వాళ్ళ బాకీ సంగతి, ఒక్క నిమిషం అటు తిరిగాను. నల్ల చుక్కలు కనపడ్డాయంటే ఇక బాగుచెయ్యలేం, చేదు మొత్తానికి పాకుతుంది. 60 గ్రాముల వెన్న కుడితిలోకి.

రెండోసారి ఫోన్ మావారికిచ్చేశాను. సన్నసెగ, గరిటె ఆపకుండా పద్నాలుగు నిమిషాలు. ముందు పచ్చిపిండి వాసన, తర్వాత రొట్టె వాసన, ఆ తర్వాత వేయించిన వేరుశనగ వాసన. ఎటూఫేకి అక్కడ ఆపాలి, గంబో అని అక్కడిదే ఇంకో పులుసుకి అయితే చాక్లెట్ రంగు దాకా పోవాలి. అక్కడ ఉల్లిపాయ, క్యాప్సికం, సెలరీ పడతాయి. సెలరీ భీమవరంలో నాలుగు చోట్ల అడిగాను, నలుగురూ కొత్తిమీర చూపించారు. కొత్తిమీర కాడలు, పెరట్లో వామాకులు రెండు వేశాను. సెలరీ రుచి కాదు, కానీ చెడ్డగా లేదు.

తర్వాత పోయినవారం దాచిన తలకాయల రసం. చల్లటి రసం కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే ఉండ కట్టలేదు. గభాలున మరుగుతున్నది పోస్తే పిండి పైపొర ఒక్కసారి ఉడికి లోపల పొడిగా మిగిలి ఉండలవుతుంది. పూరీలోకి బొంబాయి చట్నీ చేసే ఇంట్లో ఎవరికీ ఈ పాఠం కొత్త కాదు. శనగపిండి చల్లటి నీళ్ళలోనే కదా కలుపుతాం. నిజానికి బెషమెల్ చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది బొంబాయి చట్నీయే.

చిక్కదనం చూడ్డానికి వాళ్ళ పద్ధతి: గరిటె వెనక సాసు పూసి వేలితో గీత గీస్తే గీత నిలవాలి. అత్తయ్యగారి పద్ధతి: అన్నం పక్కన కంచంలో పోసి కంచం కొంచెం వంచుతారు. పులుసు అన్నం దాకా రావాలి, దాటి పోకూడదు. ఎటూఫే రెండు పరీక్షలూ నెగ్గింది. ఎందుకు నెగ్గదు, దాన్ని పుట్టించిందే అన్నం మీద పోసుకోవడానికి. ఆవిడ రెండోసారి వడ్డించుకున్నారు. కాకపోతే, "నూనె తేలలేదమ్మాయ్, ఇంకా అవలేదు" అన్నారు.

"తేలకూడదండి. తేలితే విరిగినట్టు."

నా వంక అదోలా చూశారు.

జూన్ 29, ఆదివారం

విరగడం గురించే ఇవాళంతా.

మా అమ్మాయి అడిగిన అసలు ప్రశ్నకి సూటి జవాబు ఇదే: అమెరికాలో రొయ్యని ఉడకబెట్టి, చల్లార్చి, కాక్‌టెయిల్ సాసులో ముంచుకు తింటారు. కెచప్, హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప తురుము, నిమ్మరసం, వూస్టర్ సాసు. ఇంగ్లండులో అయితే మయోనైజ్‌లో కెచప్ కలిపి మేరీ రోజ్ అంటారు. రెండూ చేద్దామనుకున్నాను.

మయోనైజ్ ముందు. ఒక గుడ్డు సొన, చెంచా నిమ్మరసం, ఉప్పు, 150 మిల్లీలీటర్ల నూనె. నూనె, నీరు కలవవు. సొనలో లెసితిన్ ఉంటుంది, దాని ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెని. నూనెని చిన్న చుక్కలుగా కొడుతూ పోతే ప్రతి చుక్క చుట్టూ అది కాపలా కాస్తుంది. నేను కవ్వంతో చిలికాను. మొదటి పది చెంచాలు బానే పట్టింది, పసుపు రంగులో వెన్నలా లేచింది. చెయ్యి నొప్పెట్టి ఒక్కసారి ఓ పావు గ్లాసు పోసేశాను. అయిపోయింది. ఒక్క క్షణంలో అడుగున పలచటి నీళ్ళు, పైన నూనె, మధ్యలో పెరుగు విరిగినట్టు పలుకులు.

అత్తయ్యగారు తొంగి చూసి, "మజ్జిగ పులుసు విరిగితే ఇలాగే ఉంటది. శనగపిండి కలపలేదా?" అన్నారు. ఆవిడ చెప్పింది సగం నిజం. మజ్జిగ పులుసులో శనగపిండి పని అదే, పెరుగులోని ప్రోటీన్లు సెగకి ముద్దకట్టకుండా పిండి అడ్డుపడుతుంది. ఇక్కడ సెగ లేదు, కాపలా చాలకపోవడమే తప్పు. మందు ఏమిటంటే ఇంకో సొన తీసుకుని, విరిగినదాన్ని అందులోకి చుక్క చుక్కగా చిలకడం. ఏడు నిమిషాల్లో కుదురుకుంది. అందులోనే అర చెంచా నూరిన ఆవపిండి కూడా వేశాను, అదీ నూనెని పట్టుకుంటుంది.

ఆవ అనగానే గుర్తొచ్చింది. హార్స్‌రాడిష్ ఇక్కడ దొరకదు. కానీ దాని ఘాటూ మన ఆవాల ఘాటూ ఒకటే పదార్థం, అల్లైల్ ఐసోథయోసయనేట్. పొడి ఆవాల్లో ఆ ఘాటు ఉండదు. గింజ నలిగి, నీరు తగిలి, లోపలి ఎంజైమ్ పనిచేస్తే అప్పుడు పుడుతుంది. వేడి నీళ్ళు పోస్తే ఎంజైమ్ చచ్చిపోయి చేదు మాత్రం మిగులుతుంది. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు పెడతాం? కూర దించి, చల్లారాక. మా అమ్మమ్మ పొయ్యి మీదుండగా ఆవ ముట్టుకోనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే "ఆవ చచ్చిపోద్దే" అనేది. ఆవిడకి ఎంజైమ్ పేరు తెలీదు, చావు సంగతి తెలుసు.

రెండు చెంచాల ఆవాలు చల్లటి నీళ్ళతో రోట్లో నూరి పది నిమిషాలు వదిలేశాను. కెచప్, నిమ్మరసంతో కలిపాను. ముక్కు పుటాలు ఎగిరిపోయాయి. వూస్టర్ సాసు మాత్రం సీసా కొన్నాను. లీ అండ్ పెరిన్స్ వాళ్ళు 1837 నుంచి అమ్ముతున్న ఇంగ్లీషు సరుకు. వెనక దినుసులు చదువుతుంటే అందులో చింతపండు! నెత్తళ్ళు కూడా. ఇంగ్లీషువాళ్ళు ఏళ్ళ తరబడి మాంసం మీద చుక్కలు చుక్కలుగా పోసుకుంటున్నది నెత్తళ్ళ పులుసన్నమాట. కెచప్ పుట్టుక కూడా దానికి దగ్గరిదే, ఆ పేరు చైనా దక్షిణ తీరంలో చేపల ఊటకి పెట్టిన పేరు. టమాటా అందులో చేరింది 19వ శతాబ్దంలో.

అన్నంలో పరీక్షకి నేనే పెట్టలేదు. మా మరిది ఒక ప్లేటు రొయ్యలు ఆవ సాసుతో లాగించి, "వదినా, ఇది పకోడీలోకి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇప్పటికి మూడు వారాల్లో అందరూ అడిగి పెట్టించుకున్నది ఇదొక్కటే.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. రొయ్య ముట్టడానికి లేదు, ఇంట్లో పేలపిండి. సరే, రొయ్య లేని భాగం చేద్దామని కొబ్బరిపాలు మొదలుపెట్టాను.

థాయ్ కూరలో మొదటి అడుగు చదివి నాకు నవ్వొచ్చింది. చిక్కటి కొబ్బరిపాలు మూకుట్లో పోసి, విరిగి నూనె తేలేదాకా కాచాలి. ఆ తేలిన నూనెలో మసాలా ముద్ద వేయించాలి. వారం క్రితం విరిగిందని ఏడ్చినదాన్ని, ఇవాళ విరగడంకోసం కూర్చున్నాను.

మొదట డబ్బా కొబ్బరిపాలతో. పదిహేను నిమిషాలు మరిగినా విరగలేదు, తెల్లగా, మొండిగా ఉడుకుతూనే ఉంది. డబ్బా మీద చదివితే విరక్కుండా స్టెబిలైజర్ కలిపారని ఉంది. తర్వాత అంబాజీపేట వైపు నుంచి చుట్టాలు తెచ్చిన కాయలు రెండు కొట్టి, కోరి, గోరువెచ్చటి నీళ్ళతో మొదటి పాలు పిండాను. ఎనిమిదో నిమిషానికి బుడగల చప్పుడు మారింది. అప్పటిదాకా గుడగుడ, అక్కడినుంచి చిటపట. నీరు పోయి నూనె మిగిలిందని ఆ చప్పుడే చెప్తుంది. అంచుల్లో పారదర్శకంగా నూనె, మధ్యలో తెల్లటి పలుకులు. అత్తయ్యగారు పేలపిండి కలుపుతూ ఇటు చూసి, "అదీ" అన్నారు.

మర్నాడు సోమవారం రొయ్యలు పడ్డాయి. నిమ్మగడ్డి పెరట్లోదే. గలాంగల్ అంటే మన దుంపరాష్ట్రమే, పచ్చిది దొరక్క ఆయుర్వేద దుకాణంలో ఎండుది కొని నానబెట్టి నూరాను. వాళ్ళ నిమ్మాకు బదులు దబ్బాకు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, ధనియాలు, కొత్తిమీర వేళ్ళు. ఫిష్ సాసు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను. నెత్తళ్ళు, ఉప్పు కలిపి ఏడాది దాకా ఊరబెట్టి దించిన ఊట. మూత తియ్యగానే మా అమ్మాయి గది దాటి పారిపోయింది. ఎండు చేపల మధ్య పుట్టి పెరిగిన అత్తయ్యగారు మాత్రం వేలితో నాకి, "ఇందులో ఉప్పెక్కువ, మిగతాదంతా మనదే" అన్నారు.

అన్నంలో పరీక్ష: నూటికి తొంభై. పది ఎందుకు తగ్గించారంటే చక్కెర. "పులుసులో తీపేమిటి" అన్నారు. తాటిబెల్లం అర చెంచా వేసి ఉంటే ఊరుకునేవారేమో.

ఇప్పుడు నా నోటుబుక్కులో ఓ గీత గీశాను. ఎడమ వైపు: నూనె తేలితే పాడైందనుకునేవాళ్ళు. కుడి వైపు: నూనె తేలేదాకా ఆగేవాళ్ళు. వెన్న, మీగడ, గుడ్డు, మైదా అన్నీ ఎడమ వైపే పడ్డాయి. కొబ్బరి, మసాలా ముద్ద కుడి వైపు. నాకు తోచిన కారణం: మన దినుసుల్లో మిరపకాయ, పసుపు, ధనియాల రంగూ వాసనా నూనెలోనే దిగుతాయి, అది దిగాలంటే ముందు నీరు పోవాలి. నూనె తేలడం అంటే నీరు పోయిందనీ, మసాలా వేగిందనీ కబురు. వెన్నా గుడ్డూ వేసేవాళ్ళకి ఆ కబురు అక్కర్లేదు, వాళ్ళకి కావలసింది నోట్లో నున్నగా జారడం.

జూలై 13, ఆదివారం

బ్రెజిల్‌లో బాయియా వాళ్ళ మొకెకా. కొబ్బరిపాలు, టమాటా, క్యాప్సికం, కొత్తిమీర, ఎర్రటి పామాయిల్. పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థే ఉంది, మెట్ట ప్రాంతమంతా తోటలు. అయినా శుద్ధి చెయ్యని ఎర్ర నూనె ఒక్క సీసా దొరకలేదు. ప్యాకెట్ పామాయిల్‌తో చేస్తే తెల్లటి కూర వచ్చింది. బాగుంది, కానీ ఇది మొకెకా అని ఎవరికైనా చెప్పడానికి నాకు మొహం చెల్లదు. వాయిదా.

జూలై 20, ఆదివారం

ఓడిపోయిన రోజు.

మెక్సికో వాళ్ళ మోలే అనే మిరపకాయల పులుసు మీద నాకు మొదటినుంచీ ఆశ. ఎందుకంటే వనామి అక్కడిది. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. మిరపకాయ, టమాటా, వేరుశనగ, కోకో అన్నీ ఆ ఖండంవే, పోర్చుగీసువాళ్ళ ఓడలు తిరిగాక మన దాకా వచ్చాయి. ఇగురులో కారం ఎంత మనదో వనామీ అంతే మనది. మోలేలో వేస్తే రొయ్య పుట్టింటి చుట్టాలందరినీ ఒక్క దాకలో కలిసినట్టు ఉంటుందనుకున్నాను.

ప్వెబ్లా ఊరి మోలేని మామూలుగా టర్కీ కోడితో తింటారు. రొయ్య విషయానికొస్తే, ఎండు రొయ్యల పొడితో చేసిన వడల్ని రొమెరితోస్ అనే ఆకుకూరతో మోలేలో వేసి పండగలకి వండుతారట. ఎండు రొయ్యలకి మా ఇంట్లో కొదవా! వాళ్ళ మిరపకాయలు పెద్దవి, ఎండుద్రాక్షలా కమ్మగా ఉంటాయి, కారం తక్కువ. బదులుగా పన్నెండు బ్యాడిగి, రెండు గుంటూరు. నువ్వులు, వేరుశనగ, బాదం, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, లవంగాలు, మాడ్చిన రొట్టె ముక్క, నల్ల చాక్లెట్ 30 గ్రాములు. అన్నీ విడివిడిగా వేయించి, రుబ్బి, మళ్ళీ నూనెలో మగ్గించాలి. మన గుత్తివంకాయ ముద్ద పద్ధతే. చిక్కదనం పిండితో కాదు, గింజలతో. నూనె తేలడం కూడా తేలింది, కాబట్టి గీతకి కుడి వైపు.

మూడు గంటల పని. మిరపకాయలు ఒక్క అర నిమిషం ఎక్కువ వేయించినట్టున్నాను, చేదు. చేదు తగ్గడానికి బెల్లం వేశాను, తీపి. తీపి విరగడానికి చింతపండు వేశాను. అక్కడితో అది మోలేనూ కాదు, గుత్తివంకాయా కాదు. ఆకుకూర బదులు తోటకూర వేసిన బుద్ధి ఎవరిదో అడక్కండి. మా అమ్మాయి మెల్లగా, "అమ్మా, చాక్లెట్ వాసన వచ్చే ఎండు రొయ్యలు" అంది. కంచాలన్నీ ఖాళీ అయ్యాయి, పెరుగన్నంతో.

మిరపకాయలు వేయించడం మళ్ళీ నేర్చుకోవాలి. మళ్ళీ ఎప్పుడో.

జూలై 27, ఆదివారం

శ్రావణం వచ్చింది. వచ్చే నెల 8న వరలక్ష్మీ వ్రతం, అంతలోపు ఈ గోలంతా ముగించి వంటిల్లు శుభ్రం చెయ్యమని హుకుం. అందుకని ఇవాళ చిన్నవి రెండు. స్పెయిన్ వాళ్ళ గాంబాస్ అల్ అహియో: వెల్లుల్లి, ఎండుమిర్చి, బోలెడు ఆలివ్ నూనె, నాలుగు నిమిషాలు. నూనే సాసు, తేలడానికేమీ లేదు. చైనా పద్ధతిలో కార్న్‌ఫ్లోర్ నీళ్ళు పోసి చిక్కబరిచేది భీమవరం ఫాస్ట్‌ఫుడ్ బండి మీద రోజూ చూస్తాం, కాబట్టి రాయడానికేం లేదు. నిగనిగలాడుతుంది, కాసేపటికి నీరు వదుల్తుంది.

ఆగస్టు 3, ఆదివారం

ఆఖరి భోజనం. పదకొండు మంది: మేం ఐదుగురం, మా ఆడపడుచు కుటుంబం, అమ్మ, అన్నయ్య. ఐదు గిన్నెలు: ఇగురు, బిస్క్, ఎటూఫే, థాయ్ కూర, ఆవ సాసుతో ఉడికించిన రొయ్యలు. మోలే రాలేదు. గిన్నెల మీద పేర్లు రాయలేదు, అంకెలు అంటించాం. మా అమ్మాయి పలకతో నిలబడి ఎవరు ఏ గిన్నెలోంచి రెండోసారి వడ్డించుకున్నారో గీతలు పెట్టింది. ఎవరు ఏం మెచ్చుకున్నారన్నది లెక్కలోకి రాదు, గరిటె ఎన్నిసార్లు దిగిందన్నదే లెక్క.

మగవాళ్ళ మాటలన్నీ వేరే. నాలుగు రోజుల క్రితం అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం అని ప్రకటించింది. కొనేవాళ్ళు అప్పుడే కౌంటుకింత అని రేటు దించేశారని మా మరిది. మూడో చెరువు ఇంకో పదిహేను రోజుల్లో పట్టాలి, ఆగుదామా వద్దా అని టెన్షన్. మేత ఆగదు, కరెంటు ఆగదు, రొయ్య పెరగడం ఆగదు. అన్నయ్య గిన్నెల వైపు చెయ్యి చూపించి, "ఇన్ని రకాలుగా తినేవాళ్ళు మానేస్తారా బావా" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

పలక లెక్క: ఇగురు తొమ్మిది గీతలు, అది అనుకున్నదే. ఎటూఫే ఏడు. థాయ్ ఆరు. ఆవ సాసు ఐదు, కానీ అందులో నాలుగు మా మరిదివి. బిస్క్ మూడు, మూడూ పిల్లలవే. వాళ్ళు అన్నం లేకుండా గ్లాసుల్లో తాగారు, బహుశా దాన్ని తినాల్సిన తీరు అదే.

అమ్మ ఎటూఫే తిని అడిగింది: "ఇదేం పిండే? శనగపిండి కాదే." మైదా, వెన్న అని చెప్పాను. "వెన్నలో పిండి వేయించితే అది హల్వా కదే" అంది. అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆగస్టు 4, సోమవారం

పొద్దున్నే లేచి చూస్తే వంటింట్లో సన్నసెగ మీద ఏదో ఉడుకుతోంది. మిగిలిన ఎటూఫే. అత్తయ్యగారు ఓ ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి, అర చెంచా కారం చేర్చి మూకుట్లో పెట్టారు. కలపడంలేదు, పక్కన పీట మీద కూర్చుని చూస్తున్నారంతే. నేను నోరు తెరిచేలోపు అంచుల వెంబడి వెన్న విడివడి, నారింజరంగులో, మూకుడు చుట్టూ గీతలా నిలబడింది.

గరిటె నా చేతికిచ్చి, "ఇప్పుడు అయింది" అన్నారు.

మధ్యాహ్నానికి మూకుట్లో ఏమీ మిగల్లేదు.